ఈ డిజైను ఎవరిది?

క్రోషా అల్లే ఆడవాళ్ళను ఓ ప్రశ్న అడిగి చూడండి. "ఎంత బావుందండీ! డిజైను మీదేనా?" అని. చాలామంది చటుక్కున తల అడ్డంగా ఊపేస్తారు. "అబ్బే, నాదెక్కడిదీ! మా వదిన దగ్గర చూసి అల్లాను" అనో, "పాత వారపత్రికలో పడితే కత్తిరించి దాచుకున్నాను" అనో, ఈ కాలం వాళ్ళయితే "ఫోనులో వీడియో చూసి నేర్చుకున్నాను" అనో చెబుతారు. అల్లింది నేనే అని చెప్పేటప్పుడు ఉన్న ఠీవి డిజైను సంగతి వచ్చేసరికి ఎటో పోతుంది.

అదే మనిషిని చారు గురించి అడగండి. "ఈ పొడి నా సొంతం, ధనియాలు కాస్త ఎక్కువ వేస్తాను" అంటుంది. సంక్రాంతి ముగ్గు గురించి అడగండి. "రాత్రంతా కూచుని నేనే వేశాను, పదిహేను చుక్కలు" అంటుంది. మరి దారమూ, సూదీ చేతిలోకి వచ్చేసరికి ఈ మొహమాటం ఎందుకు? నాకు తోచిన జవాబు కొంచెం చరిత్రలో ఉంది. ఈ అల్లిక పుట్టిన దగ్గర్నుంచీ అల్లే చెయ్యి ఒకరిదీ, గీసే చెయ్యి ఇంకొకరిదీ అవుతూ వచ్చింది. మధ్యమధ్య రెండూ ఒకే మనిషివైన రోజులు కూడా ఉన్నాయనుకోండి. ఆ కథే చెప్పబోతున్నాను.

ముందు పుట్టుక సంగతి. క్రోషా అంటే ఫ్రెంచి భాషలో చిన్న కొక్కెం. మన 'కొంకి' అన్నమాట. ఇది చాలా ప్రాచీనమైన కళ అనీ, నాలుగైదు వందల ఏళ్ళ నాడే మఠాల్లో సన్యాసినులు అల్లేవారనీ పుస్తకాల్లో రాస్తుంటారు గానీ, చూపించమంటే సరైన ముక్క ఒక్కటీ దొరకదు. గట్టి సాక్ష్యాలన్నీ 1800 ఇటువైపువే. అంటే వయసు నిండా రెండు వందల పాతికేళ్ళు. మన పట్టుచీరల నేత ముందు పసిపిల్లే!

ఆ పిల్లకి తల్లి ఎవరో తెలిస్తే మీకు నవ్వొస్తుంది. ఇవాళ మనం పెళ్ళి జాకెట్ల మీద వేలకు వేలు పోసి చేయించుకుంటున్న మగ్గం వర్కు చూడండి. గుడ్డని చట్రానికి బిగలాగి కట్టి, పైనుంచి కొంకి ఉన్న సూది గుచ్చి, కిందనుంచి దారాన్ని పైకి లాగి, గొలుసుగా కుడతారు. ఇలాంటి పనే తూర్పు దేశాల నుంచి పద్ధెనిమిదో శతాబ్దంలో ఐరోపా చేరిందని చరిత్రకారులు అంటారు. గుడ్డని డోలు మీద తోలులా బిగించాలి కనక దానికి వాళ్ళు 'తంబూర్' అని పేరు పెట్టుకున్నారు. తంబూర్ అంటే ఫ్రెంచిలో డోలు. ఆ తర్వాత ఎవరో, పేరు తెలియని ఏ ఇల్లాలో, గుడ్డ తీసేసి వట్టి గాలిలోనే ఆ గొలుసు వేసి చూసింది. గుడ్డ లేకపోయినా కుట్టు నిలబడింది. అదే క్రోషా. ఆధారం లేకుండా నిలబడే కుట్టు! (ఈ మాట మీద ఓ నవల రాయొచ్చు. ప్రస్తుతానికి వద్దులెండి.)

ఇక రాతలోకి ఎప్పుడెక్కింది? 1823లో హాలండులో 'పెనెలోపె' అనే స్త్రీల పత్రిక చేతిసంచుల అల్లిక నమూనాలు వేసింది. అచ్చయిన క్రోషా నమూనాల్లో మనకు తెలిసినంతవరకు అవే మొదటివి. ఆడవాళ్ళ పత్రికలని చులకనగా మాట్లాడేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి. తర్వాత 1840లలో లండనులో ఎలియొనోర్ రీగో ద లా బ్రాంషార్దియేర్ అని ఒకావిడ, పేరు ఓ పట్టాన నోరు తిరగదు గాని, డజన్ల కొద్దీ నమూనాల పుస్తకాలు అచ్చువేసింది. తండ్రిది ఫ్రాన్సు, తల్లిది ఐర్లండు. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో ఆవిడ అల్లికలకు పతకం కూడా వచ్చింది. "ఇన్ని గొలుసులు వేయండి, తిప్పండి, మూడోదాంట్లో గుచ్చండి" అనే ఆ బాణీ అంతా ఆ రోజుల పుస్తకాలు పెట్టిన భిక్షే. దానివల్ల మేలు జరిగింది. గురువు లేని ఊళ్ళో పిల్ల కూడా నేర్చుకోగలిగింది. కీడూ జరిగింది. అంకెలు చూసి అల్లడం అలవాటైంది, అల్లికను చూసి ఆలోచించడం తగ్గింది.

అదే సమయంలో పక్కనున్న ఐర్లండులో జనం తిండిలేక చచ్చిపోతున్నారు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది. పేదవాడికి అక్కడ మూడు పూటలా దుంపే ఆహారం. వరసగా పంటలు పోయాయి. సుమారు పది లక్షలమంది ఆకలికీ, జబ్బులకీ పోయారు. ఇంకో పది లక్షలమంది ఓడలెక్కి దేశం విడిచారు. అప్పుడు కార్క్ దగ్గర బ్లాక్‌రాక్‌లోని అర్సులైన్ సన్యాసినులూ, క్లోన్స్ అనే ఊళ్ళో చర్చి గురువు భార్య కసాండ్రా హ్యాండూ, ఇలా కొందరు ఆడవాళ్ళు పేద పిల్లలకు క్రోషా నేర్పించారు. నేర్పిందీ ఆడవాళ్ళే, నేర్చుకుందీ ఆడవాళ్ళే. సూది కొనడానికి డబ్బుల్లేని చోట మామూలు సూది మొనని వంచి, కర్రపిడి తగిలించుకుని అల్లారు. ధనవంతులు కొనే వెనిస్ లేసు సూదితో కుట్టేది, ఒక్క కాలరుకు నెలల తరబడి పట్టేది. దాన్ని చూసి కొంకితో అల్లితే ఎన్నో రెట్లు తొందరగా అయింది. ఆ డబ్బుతో ఇంట్లో పొయ్యి వెలిగింది, కొందరికి అమెరికా ఓడ టిక్కెట్టూ వచ్చింది.

నాకు ఆశ్చర్యంగా తోచేది వాళ్ళ అల్లే పద్ధతి. మొదటి వరస, రెండో వరస అంటూ అల్లుకుపోవడం కాదు. ముందు గులాబీలు, ఆకులు, ద్రాక్షగుత్తులు, మూడాకుల తీగె విడివిడిగా అల్లుకునేవాళ్ళు. లావుపాటి పురిదారం లోపల పెట్టి పైన సన్నదారం అల్లితే పువ్వు ఉబ్బెత్తుగా వచ్చేది. తర్వాత కాలరు ఆకారం ఒక గుడ్డ మీద గీసి, ఈ పువ్వులన్నీ దానిమీద తలకిందులుగా పేర్చి, టాకాలు వేసి, మధ్య ఖాళీని వలలాగా నింపేవాళ్ళు. అయ్యాక గుడ్డని ఊడదీసేస్తే లేసు మిగిలేది. పువ్వుని ఇటు జరపాలా, అటు జరపాలా, ఆకుని ఎక్కడ వంచాలా అన్నది ఆ మనిషి కన్నే నిర్ణయించాలి. ఒక్కో కుటుంబానికి ఒక్కో పువ్వు ఉండేదనీ, ఆ పట్టు పక్కింటివాళ్ళ కంట పడకుండా దాచుకునేవాళ్ళనీ చెబుతారు. మన ఆవకాయ కొలతల్లాగ!

కానీ గిరాకీ పెరిగిన కొద్దీ ఏజెంట్లు వచ్చారు. తొందర పెరిగింది. అరిగిపోయిన పువ్వులే మళ్ళీమళ్ళీ వచ్చాయి. 1880లలో ఆలన్ కోల్ అనే ఆయన లండన్ సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం నుంచి వచ్చి ఐర్లండు లేసు కేంద్రాలు తిరిగాడు. ఈ ఆడవాళ్ళ చేతుల్లో నేర్పుంది, లోటల్లా డిజైనులోనే అన్నాడు. అని ఊరుకోలేదు, కాన్వెంట్లలో బొమ్మలు గీయడం నేర్పే తరగతులు పెట్టించడానికి పాటుపడ్డాడు. ఆయన మాట నాకు నచ్చింది. అల్లేవాళ్ళకి ఇంకా వేగంగా అల్లడం నేర్పలేదు చూశారా, పెన్సిల్ ఇప్పించాలన్నాడు.

ఇప్పుడు మన గోదావరి ఒడ్డుకు వద్దాం. ఆ రోజుల్లోనే ఇదే కొంకి సూది ఇక్కడికీ వచ్చింది. 1844 ప్రాంతంలో స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు నరసాపురం వైపు ఆడవాళ్ళకి లేసు అల్లిక నేర్పించారని చెబుతారు. ఇక్కడా మొదట పేద స్త్రీలకు ఓ ఆధరువుగానే మొదలైంది. మిషనరీలు తమ దేశాల్లో స్నేహితులకు పంపించేవారు. క్రమంగా అది వ్యాపారమైంది. ఎగుమతిదారులు, వాళ్ళ కింద ఏజెంట్లు, ఏజెంట్ల కింద ఊరూరా ఇళ్ళల్లో ఆడవాళ్ళు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఏ అరుగు మీద చూసినా నలుగురు కూచుని లేసు అల్లుతూ కనిపించేవాళ్ళు. బయటికెళ్ళి పొలం పని చేస్తే పరువు తక్కువ అనుకునే కుటుంబాల్లో, గోషా పాటించే ఇళ్ళల్లో, నాలుగు డబ్బులు కళ్ళచూసే దారి ఇదొక్కటే. గడప దాటక్కర్లేదు. దారం గడపలోకి వస్తుంది, లేసు గడపలోంచి పోతుంది. ఆ లేసు ఎక్కడికి పోతుందో మాత్రం అల్లిన మనిషికి తెలీదు.

1970ల చివర మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం ప్రాంతంలో ఉండి ఈ ఇళ్ళన్నీ తిరిగింది. 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని పుస్తకం రాసింది. ఇంగ్లీషు చదవగలిగిన ప్రతి తెలుగావిడా చదవాల్సిన పుస్తకం. వంటా వార్పూ, పిల్లలూ గొడ్లూ చూసుకుని, ఆ పైన రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లితే చేతికి వచ్చేది రోజుకు రూపాయి కూడా కాదని లెక్కకట్టి చూపించింది. అంతకంటే నా మనసుకి తగిలింది ఇంకోటి. ఎగుమతిదారుల దృష్టిలో వీళ్ళు పనివాళ్ళు కారట. ఇంట్లో ఊరికే కూచునే ఆడవాళ్ళట, తీరిక వేళ కాలక్షేపానికి అల్లుతారట! ఎనిమిది గంటల తీరిక ఎవరికుందో, ఆ మహాతల్లి ఎవరో చెబితే వెళ్ళి దణ్ణం పెట్టొస్తాను.

ఇంకో సంగతి కూడా ఆ పుస్తకంలో ఉంది. అక్కడ పని ముక్కలు ముక్కలు. పువ్వు అల్లేది ఒకరు, అది చేతిపని. ఆ పువ్వుల్ని అతికేది ఇంకొకరు, అది అతుకుపని. పువ్వు అల్లిన మనిషి బల్లగుడ్డ మొత్తం ఎలా ఉంటుందో చూడకపోవచ్చు. జీవితమంతా ఒకే రకం పువ్వు అల్లొచ్చు. నమూనా పైనుంచి వస్తుంది. ఇంతా చేస్తే ఇది ఐర్లండు పద్ధతే కదా అంటారేమో. విడి పువ్వులు అల్లి అతకడం అనే మేరకు అంతే. కానీ అక్కడ తొలిరోజుల్లో గుడ్డ మీద పువ్వు ఎక్కడ పెట్టాలో చూసుకునే కన్నూ, అల్లే చెయ్యీ ఒకే మనిషివి కాగలిగాయి. ఇక్కడ ఆ కన్ను పువ్వు అల్లే మనిషి దగ్గర లేకుండా పోయింది. ఏ పువ్వు ఎక్కడికి పోతుందో తెలియని మనిషి బేరమేం ఆడగలదు?

ఇందులో ఇంకో కిటుకుంది, చాలామందికి తెలీదు. క్రోషాని యంత్రం అల్లలేదు. మేజోళ్ళూ, స్వెట్టర్లూ అల్లడానికి యంత్రాలున్నాయి, నేతకి మరమగ్గాలున్నాయి. కానీ ప్రతి కుట్టుకీ కొంకిని కొత్త చోట గుచ్చి, లాగి, మెలిపెట్టే ఈ పనిని ఇప్పటిదాకా ఏ ఫ్యాక్టరీ యంత్రమూ సరిగ్గా పట్టుకోలేదు. 1880లలో స్విట్జర్లండు, జర్మనీ వాళ్ళు ఓ ఉపాయం పన్నారు. గుడ్డ మీద యంత్రంతో కుట్టేసి, తర్వాత ఆ గుడ్డని రసాయనాల్లో కరిగించేస్తే దారం పని మాత్రం మిగులుతుంది. దూరం నుంచి చూస్తే అచ్చు ఐరిష్ లేసే. ఇటీవలి సంవత్సరాల్లో నరసాపురాన్ని దెబ్బతీసిన చైనా యంత్రాల లేసు కూడా చూపుకే లేసు. అసలైన క్రోషా మాత్రం ఎక్కడ కనిపించినా, పెద్ద దుకాణంలో రెండు వందల రూపాయలకి వేలాడుతున్నా సరే, ఎవరో ఒక మనిషి ఒక్కొక్క కుట్టూ వేసిందే. ఈసారి అలాంటి జాకెట్టు చేత్తో పట్టుకున్నప్పుడు మనసులో ఓ లెక్క వేసి చూడండి. దారం ధర తీసేస్తే ఆ మనిషికి ఏం మిగిలి ఉంటుంది?

నరసాపురం కథ అక్కడే ఆగిపోలేదు. పక్కనే రుస్తుంబాదలో లేస్ పార్కు వచ్చింది. మహిళా సహకార సంఘాల సమాఖ్య ఏర్పడింది. అక్కడి క్రోషా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బనగానపల్లె మామిడికీ, బందరు లడ్డూకీ ఉన్నట్టే ఇక ఆ ఊరి పేరు ఇంకెవరూ వాడుకోకూడదన్నమాట. మంచిదే, సంతోషం. ఊరికి పేరొచ్చింది. పువ్వు గీసిన మనిషికి పేరు రావడం ఇంకా మిగిలుంది.

అందుకే నా గోల. సంపాదన కోసం కాకుండా ఇంట్లో అల్లుకునే మనకి ఆ ఇబ్బంది లేదు కదా. ఏజెంటు లేడు, నమూనా పంపేవాడు లేడు. అయినా "చైను నూట ఇరవై" అని పుస్తకం చెబితే తప్ప మొదలుపెట్టం. ఆ పుస్తకాల్లోనూ ఓ తిరకాసుంది. ఇంగ్లండు వాళ్ళు 'డబుల్ క్రోషా' అన్నదాన్ని అమెరికా వాళ్ళు 'సింగిల్ క్రోషా' అంటారు. ఏ దేశం పుస్తకమో చూసుకోకపోతే పాప టోపీ తాతగారికి సరిపోతుంది.

డిజైను చేయడానికి కావలసింది కాస్త ఎక్కం. ముందు మీ దారంతో, మీ సూదితో నాలుగంగుళాల ముక్క అల్లి కుట్లు లెక్కపెట్టండి. ఇరవై వచ్చాయా? అయితే అంగుళానికి ఐదు. పన్నెండంగుళాల బల్లగుడ్డకి అరవై. పుస్తకం ఏం చెప్పినా సరే, మీ చెయ్యి బిగువు మీది.

గుండ్రంగా అల్లాలా? పొట్టి కుట్టుతో ఆరు వేసి మొదలుపెట్టి, ప్రతి చుట్టుకీ ఆరేసి చొప్పున పెంచుకుంటూ పోతే పళ్ళెంలా చదునుగా వస్తుంది. పొడుగు కుట్టయితే పన్నెండేసి. అక్కడ పెంచడం ఆపేసి ఉన్నన్ని కుట్లే చుట్టూ అల్లితే అంచులు లేచి గిన్నె అవుతుంది, అంటే పాపాయి టోపీ. ఎక్కడ ఆపాలి? పాప తల చుట్టుకొలతని మూడుతో భాగించి పిసరంత తగ్గించండి. ఆరునెలల బిడ్డకి తల నలభైరెండు సెంటీమీటర్ల దాకా ఉంటుంది కనక పళ్ళెం పదమూడు సెంటీమీటర్లు అడ్డం వచ్చాక పెంచడం మానేయాలి. ఇంటికి పళ్ళెం, ఒంటికి టోపీ, ఆటకి బొమ్మ తలకాయ, అన్నీ ఈ ఒక్క లెక్కలోంచే. పెంచితే విచ్చుకుంటుంది, ఆపితే నిలబడుతుంది, తగ్గిస్తే మూసుకుంటుంది.

గళ్ళ లేసు అల్లాలంటే ఇంకా సులువు, అది వట్టి ముగ్గు. పిల్లల లెక్కల పుస్తకంలోంచి గళ్ళ కాగితం ఒకటి చింపుకోండి. బొమ్మ రావలసిన గళ్ళు నింపండి, మిగతావి వదిలేయండి. నింపిన గడి అంటే పొడుగు కుట్లు, ఖాళీ గడి అంటే రెండు గొలుసులు. గడికి మూడు కుట్ల చొప్పున లెక్కేసి చివర ఒకటి కలపాలి. ముప్ఫై గళ్ళ వెడల్పుకి తొంభై ఒకటి. చిలకా, తులసికోటా, పద్మం, ఏది కావాలంటే అది. ఏ పుస్తకంలోనూ మీ వీధి గుమ్మం ముందు ముగ్గు ఉండదు. మీరు గీస్తేనే లేసులోకి వస్తుంది.

"పెంచడంలో లెక్క తప్పితే?" అంటారా. ప్రతి చుట్టుకీ కావలసిన దానికంటే ఎక్కువ పెంచేస్తే అంచు కుచ్చులు కుచ్చులుగా మడతలు పడుతుంది. ఆ మడతలతోనే అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమీనా అనే గణిత అధ్యాపకురాలు 1997లో ఓ పని చేసింది. హైపర్బోలిక్ తలం అని రేఖాగణితంలో ఒకటుంది. నడిమి నుంచి దూరం పోయిన కొద్దీ విపరీతంగా విచ్చుకుపోయే తలం. మగ పండితులు దాన్ని కాగితం ముక్కలు అతికించి చూపించేవారు, పట్టుకుంటే చిరిగిపోయేది. లాత్వియా దేశంలో పుట్టి పెరిగిన ఈవిడకి చిన్నప్పుడే అల్లిక వచ్చు. ఇన్ని కుట్లకి ఒకటి చొప్పున పెంచాలని నియమం పెట్టుకుని అల్లుకుంటూ పోయింది. విద్యార్థులు చేత్తో పట్టుకుని, మడిచి, విప్పి చూడగలిగిన తలం తయారైంది. 2009లో దానిమీద పుస్తకం రాస్తే, ఆ ఏటి అతి విచిత్రమైన పుస్తకం పేరు అని ఓ సరదా బహుమతి ఇచ్చారు. 2012లో గణితశాస్త్రవేత్తలు ఆయిలర్ పుస్తక బహుమతి ఇచ్చారు.

ఆ తలం బొమ్మ చూశాను. మన పిల్లల బొమ్మకి కుచ్చుల పావడా అల్లితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. నడుము దగ్గర అరవై కుట్లు, తర్వాత ప్రతి మూడింటికీ ఒకటి పెంచుకుంటూ ఏడెనిమిది చుట్లు. దారం మాత్రం కాస్త ఎక్కువే తెచ్చుకోండి, చివరి చుట్టు మింగేస్తుంది.